రగ్బీ చూసేది మూడు వారాలు, చందా కట్టేది ఏడాదంతా

ప్రశ్న: మేము వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉంటున్నాం. పదకొండేళ్ల మా అబ్బాయి స్కూలు రగ్బీ జట్టులో ఆడుతున్నాడు. వేల్స్ ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌లు వాడితో కలిసి ఇంట్లో టీవీలో చూడటం నాకూ అలవాటైంది. అందుకోసం 2024 నవంబరు మొదట్లో టీఎన్‌టీ స్పోర్ట్స్ అనే క్రీడా చానెల్‌కు నెలకు 30.99 పౌండ్ల చందా మొదలుపెట్టి ఈ 2026 జనవరి వరకూ కడుతూనే ఉన్నాను. యాంటెనా లేకుండా యాప్‌లోనే చూస్తాం కనుక టీవీ లైసెన్సు (బ్రిటన్‌లో టీవీ చూడటానికి కట్టే ఫీజు) అక్కర్లేదని మిత్రుడొకరు చెప్పారు. ఫిబ్రవరిలో ఆరు దేశాల రగ్బీ పోటీ సిక్స్ నేషన్స్ మొదలయ్యేలోగా 599 పౌండ్ల పెద్ద టీవీని, 12 నెలల తర్వాత డబ్బు కట్టే పథకంలో తీసుకోవాలని ఉంది. అంతా దుబారా అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

జవాబు: దుబారా జరిగిన మాట నిజమే. కాకపోతే టీవీ సంగతి తర్వాత, ముందు చందా సంగతి చూద్దాం. 2024 నవంబరు నుంచి ఈ జనవరి దాకా మీరు 15 నెలల చందా కట్టారు, అంటే 464.85 పౌండ్లు. ఈ కాలంలో వేల్స్ మ్యాచ్‌ల కోసం మీకు ఆ చానెల్ అవసరమైంది రెండు నవంబరు నెలల్లోనే. 2025లో వేల్స్ జట్టు నవంబరు 9న అర్జెంటీనాతో, 15న జపాన్‌తో, 22న న్యూజిలాండ్‌తో, 29న దక్షిణాఫ్రికాతో ఆడింది. మొదటి మ్యాచ్ ముందు రోజు చందా కట్టి, ఆ సాయంత్రమే రద్దు నమోదు చేసినా, కట్టిన నెల పూర్తయ్యే వరకూ ప్రసారం వస్తుంది కనుక నాలుగు మ్యాచ్‌లూ 30.99 పౌండ్లలోనే ముగిసేవి. (చివరిదాంట్లో 0–73తో ఓడిపోయారు కాబట్టి, ఆ ఒక్కటి చూడకపోయినా మీకు పోయేదేమీ లేదనుకోండి.) 2024 నవంబరుకూ ఇదే లెక్క వేస్తే, అక్కర్లేకుండా పోయిన సొమ్ము 402.87 పౌండ్లు. మీ ఇంట్లో ఇంగ్లండ్ క్లబ్ మ్యాచ్‌లు కూడా ప్రతి వారం చూసేవారైతే నేనీ మాట అనను, కానీ మీరు రాసినదాన్ని బట్టి అది మీ అలవాటు కాదు.

సిక్స్ నేషన్స్‌కు ఈ చందాతో పనే లేదు. ఈ ఏడాది నుంచి పోటీలోని 15 మ్యాచ్‌లలో పదింటిని ఐటీవీ, అయిదింటిని బీబీసీ చందా లేకుండానే ప్రసారం చేస్తాయి. జూలైలో మొదలై నవంబరులోనూ సాగే కొత్త అంతర్జాతీయ రగ్బీ పోటీ నేషన్స్ చాంపియన్‌షిప్ ప్రసార హక్కులు కూడా ఐటీవీకే దక్కాయి కాబట్టి, వచ్చే నవంబరులో సైతం మీరు చందా కట్టవలసిన అవసరం రాకపోవచ్చు. ఈ రోజే రద్దు చేయండి.

లైసెన్సు విషయంలో మీ మిత్రుడు చెప్పింది తప్పు. ప్రత్యక్ష ప్రసారాన్ని ఏ చానెల్‌లో, ఏ యాప్‌లో, ఏ పరికరం మీద చూసినా బ్రిటన్‌లో టీవీ లైసెన్సు తప్పనిసరి. యాంటెనా ఉందా, లేదా అన్న ప్రశ్నే అక్కడ రాదు. బీబీసీ వారి ఐప్లేయర్ యాప్‌లో అయితే పాత కార్యక్రమాలకు కూడా కావాలి. లేకుండా చూస్తూ పట్టుబడితే 1,000 పౌండ్ల వరకూ జరిమానా, దానిపైన కోర్టు ఖర్చులు. 2025–26లో ఫీజు ఏడాదికి 174.50 పౌండ్లు. నెలవారీ డైరెక్ట్ డెబిట్ ఎంచుకుంటే మొదటి లైసెన్సు మొత్తాన్ని ఆరు నెలల్లో, అంటే నెలకు సుమారు 29 పౌండ్ల చొప్పున తీసుకుంటారు, ఆ తర్వాత వాయిదా దాదాపు సగానికి తగ్గుతుంది. చందాకు పోతున్న 30.99 పౌండ్లు ఆగిపోతాయి గనుక ఇంటి బడ్జెట్ మీద కొత్త భారం పడదు. మూడు నెలలకోసారి కట్టే పద్ధతి మాత్రం వద్దు, ప్రతి వాయిదాకు 1.25 పౌండ్లు అదనంగా పడతాయి.

ఇక టీవీ. ఇలాంటి పథకాల్లో వడ్డీ లేదన్న మాట, గడువులోగా మొత్తం తీర్చినవారికే వర్తిస్తుంది. ఒక్క రోజు దాటితే చాలాచోట్ల కొన్న తేదీ నుంచే వడ్డీ లెక్కగడతారు. మీ ఒప్పందంలో వడ్డీ రేటు 29.9 శాతంగా ఉందనుకుంటే, 599 పౌండ్ల టీవీ మీద అది ఒక్కసారిగా దాదాపు 180 పౌండ్లు అవుతుంది. పదిహేను నెలల పాటు చందా రద్దు చేయడం మరిచిపోయిన మనిషికి పన్నెండో నెల చివరి తేదీ గుర్తుంటుందని నేను నమ్మలేను, ఏమీ అనుకోకండి. కొనే తీరాలనుకుంటే, కొన్న నెల నుంచే నెలకు 55 పౌండ్లు వేరే పొదుపు ఖాతాలోకి మళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకోండి. పదకొండో నెలకు 605 పౌండ్లు జమ అవుతాయి, అప్పుడే బాకీ తీర్చేయండి. నెలకు 55 పౌండ్లు పక్కన పెట్టడం కష్టమనిపిస్తే, మీకు ఆ టీవీ కొనే స్తోమత ఇంకా లేనట్టే. ఉన్నదాంట్లోనే చూడండి.

వేల్స్ తొలి మ్యాచ్ ఫిబ్రవరి 7న, లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌తో. పెద్ద టీవీ ఆలోగా రాకపోయినా ఫరవాలేదు గానీ, లైసెన్సు మాత్రం ఆలోపే తీసుకోండి.