అమెరికన్ డిస్కో బ్యాండ్ షిక్ పాట 'లె ఫ్రీక్' నిజంగా కోపంలోంచి పుట్టిందేనా? మూడుసార్లు నంబర్ వన్ ఎలా అయింది?

పుట్టింది కోపంలోంచే. కానీ నిలబడింది మాత్రం కోపం వల్ల కాదు. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పదహారేళ్ళు రిథమ్ గిటార్ వాయించినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

1977 డిసెంబర్ 31 రాత్రి. న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే డిస్కో క్లబ్బుకి రమ్మని గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే, షిక్ గిటారిస్టు నైల్ రోజర్స్, బేస్ గిటార్ వాయించే బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ ముస్తాబై వెళ్ళారు. ఎంత చెప్పినా తలుపు దగ్గరివాళ్ళు లోపలికి వదల్లేదు. అప్పటికే షిక్ పాట ఒకటి డిస్కోల్లో మోగిపోతోంది. దగ్గర్లోనే ఉన్న నైల్ ఇంటికెళ్ళి, షాంపేన్ తాగుతూ గిటారు, బేసు అందుకున్నారు. తలుపు దగ్గరి మనిషిని తిట్టిన బూతే పల్లవి అయింది. అది రేడియోలో పోదు కదా, 'ఫ్రీక్ ఆఫ్' అని మార్చి చూశారు, అతకలేదు. చివరికి 'ఫ్రీక్ అవుట్' దగ్గర కుదిరింది. గమనించారో లేదో, ఏ క్లబ్బు తమని వెనక్కి పంపిందో ఆ 54 దగ్గరికే జనాన్ని రమ్మని పాటలో పిలుస్తారు. నాకు ఈ పాటలో అన్నిటికంటే నచ్చేది అదే.

ఒకసారి ఓ ఫంక్షన్ హాల్లో మమ్మల్ని ముందు గేటు నుంచి రానివ్వలేదు. వంటపాత్రలు కడిగే చోటు పక్కనుంచి ఆంప్లిఫయర్లు మోసుకెళ్ళాం. ఆ రోజు నా చెయ్యి బిగుసుకుపోయి తాళం పరిగెత్తింది. కోపంతో వాయిస్తే జరిగేది అదే. అందుకే, అంత అవమానం జరిగిన రాత్రి మొదలైన పాటలో ఇంత తేలికైన చెయ్యి ఎలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

నైల్ కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగదు. ఒక్కో దెబ్బని నాలుగు ముక్కలు చేస్తూ పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. అసలు పని ఎడమచేతిది. వేళ్ళు నొక్కితే స్వరం పలుకుతుంది, కొంచెం వదులు చేస్తే 'చిక్' అని పొడి శబ్దం వస్తుంది. నొక్కడం కంటే వదలడమే కష్టం. నాకు అది పట్టుబడడానికి ఆరు నెలలు పట్టింది. గిటారు వదిలిన ఖాళీల్లో బెర్నార్డ్ బేసు నడుస్తుంది, టోనీ థాంప్సన్ డ్రమ్స్ రెండింటినీ పట్టి ఉంచుతాయి. కోరస్ గొంతుల్లో లూథర్ వాండ్రాస్ కూడా ఉన్నాడు, అప్పటికింకా పెద్ద పేరు రాలేదు.

ఇక చార్టు సంగతి. పాట 1978లో విడుదలైంది. డిసెంబర్ 9న అమెరికాలో పాటల ర్యాంకులిచ్చే వారపు చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్ళింది. మరుసటి వారమే బార్బ్రా స్ట్రైసాండ్, నీల్ డైమండ్‌ల యుగళగీతం దాన్ని దించింది. ఆ తర్వాత రెండు వారాలు మళ్ళీ పైన. ఈసారి బీ జీస్ పాట వచ్చి దించింది. 1979 జనవరి 20 నుంచి ఇంకో మూడు వారాలు. మొత్తం ఆరు. ఇప్పటిలా కంప్యూటర్ లెక్కలు లేవు, షాపులూ రేడియో స్టేషన్లూ ఇచ్చిన రిపోర్టులతో కట్టిన చార్టు. పక్క పాటలు పుంజుకుని తగ్గాయి, ఇది మాత్రం అమ్ముడవుతూనే ఉంది. దీన్ని విడుదల చేసిన వార్నర్ రికార్డు కంపెనీల గ్రూపులో 1990లో మడోన్నా 'వోగ్' వచ్చేదాకా ఇంతకు మించి అమ్ముడైన సింగిల్ లేదు. బ్రిటన్‌లో మాత్రం ఏడో స్థానం దాటలేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి గొంతుల్ని పట్టించుకోకుండా వినండి. గిటారు 'చిక్' అన్న ప్రతిసారీ వేలితో టేబుల్ మీద కొట్టి చూడండి. రెండో నిమిషానికి మీ వేలు వెనకబడుతుంది, నైల్ చెయ్యి మాత్రం అలాగే నడుస్తూ ఉంటుంది.