ఇంజిన్ మౌంటింగ్‌లు: మార్చేముందు ఏది పోయిందో తేల్చుకోండి

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగితే స్టీరింగు, సీట్లు, లోపలి అద్దం అన్నీ అదురుతున్నాయి. ఫస్ట్ గేరులో క్లచ్ వదలగానే కింద ఎక్కడో ‘డబ్’మని చప్పుడు. మెకానిక్ మౌంటింగ్‌లు మూడూ మార్చాలంటున్నాడు. నిజంగా మూడూ మార్చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మౌంటింగ్‌లంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే, రబ్బరూ ఇనుమూ కలిసిన దిమ్మలు. మీరు చెప్పిన అదురు ఒక మౌంటింగ్‌ను, ‘డబ్’ చప్పుడు ఇంకో మౌంటింగ్‌ను అనుమానించేలా చేస్తున్నాయి. మూడోది బాగానే ఉండొచ్చు. చూడకుండా మూడూ మార్చడం మాత్రం డబ్బు దండగ.

ముందు చక్రాలు లాగే ఇలాంటి కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. ఎక్కువ మోడళ్లలో కుడివైపు టైమింగ్ కవర్ దగ్గర ఒక మౌంటింగు, ఎడమవైపు గేర్‌బాక్స్ మీద ఇంకొకటి ఉండి బరువంతా మోస్తాయి. మూడోది కింద ఉండే టార్క్ రాడ్. ఇది బరువు మోయదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టి ఉంచుతుంది. క్లచ్ వదలగానే వచ్చే ‘డబ్’ చాలాసార్లు దీని బుష్ (చివర ఉండే రబ్బరు కట్టు) చిరగడం వల్లే వస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు వచ్చే అదురుకు ఎక్కువగా కుడి మౌంటింగే కారణం. చాలా డీజిల్ కార్లలో అక్కడ హైడ్రాలిక్ రకం వాడతారు. దాని రబ్బరు లోపల రెండు అరలు, వాటి మధ్య సన్నని దారి, గ్లైకాల్ ద్రవం ఉంటాయి. ద్రవం ఆ దారిలో అటూ ఇటూ కదులుతూ ఊపును చంపుతుంది. రబ్బరు పగిలి ఆ ద్రవం కారిపోతే మౌంటింగ్ కుంగిపోయి ఇంజిన్ అదురు నేరుగా బాడీకి ఎక్కుతుంది.

అయితే అదురు ఇంజిన్‌లోంచే వస్తోందేమో ముందు తేల్చుకోవాలి. న్యూట్రల్‌లో ఆర్‌పీఎం ముల్లు ఊగుతున్నా, చప్పుడు ఒక లయలో లేకుండా తడబడుతున్నా, చెక్ ఇంజిన్ లైటు వెలిగినా ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) సంగతి చూడండి. మౌంటింగ్ తప్పైతే ముల్లు నిలకడగా ఉంటుంది, అదురు మాత్రం ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 27 దెబ్బలు కొడుతుంది. మౌంటింగ్ పట్టు తప్పాక ఆ వేగానికి సీట్లు, స్టీరింగు స్పందిస్తాయి. యాక్సిలరేటర్ కాస్త తొక్కి 1,200 నుంచి 1,500 దాకా తీసుకెళ్తే అదురు చాలావరకు తగ్గిపోయిందా? అప్పుడు అనుమానం మౌంటింగ్ మీదే. మూడు సిలిండర్ల బండ్లలో అదే 800 దగ్గర దెబ్బలు 20 మాత్రమే. వాటికి కొత్తలోనూ కొంత అదురుంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఇక కదలిక పరీక్ష. కారు చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు పెట్టండి. బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. రెండోవారు ఫెండర్ పక్కన నిలబడాలి. బంపర్ ముందు మాత్రం వద్దు, కారు దూకితే తప్పుకునే వీలుండదు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ పట్టుకునేదాకా వదిలి, ఆర్‌పీఎం కాస్త దిగగానే మళ్లీ తొక్కాలి. రివర్స్‌లోనూ ఇదే. ఆటోమేటిక్ అయితే బ్రేకు మీదే కాలుంచి డ్రైవ్‌లోకి, రివర్స్‌లోకి రెండు మూడు సెకన్లు మారిస్తే చాలు. ఇంజిన్ అర అంగుళం లోపు కదిలితే మామూలే. అంగుళం దాటి లేచినా, తిరిగి పడేటప్పుడు ‘టక్’ మన్నా ఏదో ఒకటి తెగినట్టే.

తెగింది ఏ మౌంటింగో తేలాలంటే టార్చి వేసి దగ్గరగా చూడాలి. టార్క్ రాడ్ బుష్ మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, రబ్బరు రెక్కలు దాన్ని పట్టుకుని ఉంటాయి. తయారీలోనే వదిలిన ఖాళీల అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటాయి, అవి చిరుగులు కావు. రెక్క మొదట్లో గరుకుగా తెగి, గొట్టం ఒక పక్కకు ఒరిగితే అది పోయినట్టు. కుడి మౌంటింగ్ కింద నల్లటి తడి చారలుంటే ద్రవం కారిందన్నమాట. ఒక్క జాగ్రత్త: అది ఇంజిన్ ఆయిల్ కూడా కావొచ్చు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ లీకై ఆయిల్ మౌంటింగ్ మీద కారితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆ లీకు ఆపకుండా కొత్త మౌంటింగ్ వేస్తే దానికీ అదే గతి.

మీరైతే ముందు టార్క్ రాడ్ చూపించండి. సాధారణంగా మూడింటిలో చౌకైనదీ, మార్చడం తేలికైనదీ అదే. అది మార్చాక కూడా అదురు మిగిలి, కుడిదాని మీద తడి కనిపిస్తే అదీ మార్చండి. గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు ఇనుము నుంచి ఊడిరాకపోతే దాన్ని కదపొద్దు.

ప్రశ్న: కుడివైపు కొత్త మౌంటింగ్ వేయించాను. అదురు తగ్గకపోగా పెరిగింది. పార్టు నకిలీదా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: కావచ్చు. కానీ ముందు బిగించిన పద్ధతిని అనుమానించండి. నిజానికి ఈ పనిలో ఎక్కువగా చెడేది అక్కడే.

సరైన పద్ధతి ఇదీ. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, దాని మీద జాకీ ఆనించాలి. చెక్క లేకపోతే చాంబర్ సొట్టపోతుంది, అల్యూమినియందైతే పగులుతుంది. జాకీని మౌంటింగ్ మీద బరువు తేలేదాకా మాత్రమే ఎత్తాలి. ఇంకా ఎత్తితే హోస్ పైపులు, సైలెన్సర్ లాగుతాయి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు వేయాలి. పాతది తీసి కొత్తది పెట్టాక బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి ఎక్కించాలి. చేత్తో ఎక్కని బోల్టు అడ్డంగా పడుతున్నట్టే, దాన్ని పానాతో బలవంతం చేస్తే మర చెడుతుంది.

అసలు కీలకం ఇక్కడుంది. జాకీ దించి, ఇంజిన్ బరువు పూర్తిగా కొత్త మౌంటింగ్ మీద పడి, ఇంజిన్ తన చోట కుదురుకున్నాకే బోల్టులు ఆఖరి బిగువుకు తేవాలి. టార్క్ రాడ్ బోల్టులు అన్నిటికన్నా చివర, గేరు న్యూట్రల్‌లో ఉంచి బిగించాలి. ఇంజిన్ జాకీ మీద ఎత్తి ఉండగానే బిగించేస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. మెలిపడ్డ రబ్బరు అదురును ఆపలేదు, త్వరగా చిరుగుతుంది కూడా. బిగువు ఎంతో మోడల్‌ను బట్టి మారుతుంది. సర్వీస్ మాన్యువల్ అంకె చూసి టార్క్ రెంచ్‌తో పెట్టించండి. ఒకసారి విప్పితే మార్చమని మాన్యువల్ చెప్పే బోల్టులు పాతవి వాడొద్దు.

కాబట్టి పార్టు మార్చకముందే కుడి మౌంటింగ్, టార్క్ రాడ్ బోల్టులు వదులు చేయించి, ఇంజిన్‌ను ఒకసారి ముందుకూ వెనక్కూ ఊపి కుదురుకోనిచ్చి, మళ్లీ బిగించమనండి. ఏసీ పైపుగానీ, సైలెన్సర్‌గానీ, కింది ప్లాస్టిక్ షీటుగానీ బాడీకి తగులుతోందేమో చేయి పెట్టి చూడాలి. ఇంజిన్ అంగుళంలో పావువంతు జరిగినా ఇవి తగులుతాయి. అప్పటికీ తగ్గకపోతే పార్టు నంబర్‌ను ఛాసిస్ నంబర్‌తో సరిచూడండి. ఒకే మోడల్‌కు పెట్రోలుకు వేరు, డీజిల్‌కు వేరు మౌంటింగ్ ఉండొచ్చు. హైడ్రాలిక్ ఉండాల్సిన చోట మామూలు రబ్బరుది పెట్టినా ఇలాగే అదురుతుంది.

ప్రశ్న: చిరిగిన బుష్‌లో సీలెంట్ నింపితే సరిపోతుందంటున్నారు. మార్చేదాకా బండి నడపొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నింపొద్దు. బుష్‌లోని ఖాళీలు రబ్బరు ఆడటానికి తయారీలోనే వదిలినవి. అవి పూడ్చేస్తే ఊగడం తగ్గినట్టు అనిపిస్తుంది కానీ అదురంతా క్యాబిన్‌లోకి వస్తుంది. పాత మౌంటింగ్‌కు కొత్త రబ్బరు పోయించడమూ నేను సిఫారసు చేయను, రబ్బరు గట్టిదనం కంపెనీ లెక్కకు కుదరడం అరుదు.

టార్క్ రాడ్ బుష్ ఒక్కటే చిరిగితే మెల్లగా కొద్దిరోజులు నడపొచ్చు. క్లచ్ నెమ్మదిగా వదలండి, గేరులో ఉండగా గభాల్న యాక్సిలరేటర్ తొక్కొద్దు. ఎక్కువకాలం వదిలేస్తే ఇంజిన్ ఊగినప్పుడల్లా సైలెన్సర్ ముందుండే జాలీ పైపు (వంగే అల్లిక పైపు) చీలుతుంది, మిగతా రెండు మౌంటింగ్‌ల మీదా భారం పడుతుంది. బరువు మోసే మౌంటింగ్ పూర్తిగా తెగి ఇంజిన్ ఒక పక్కకు వాలినా, బెల్టు బాడీకి రాసుకుంటున్నా సెల్ఫ్ కొట్టొద్దు. అక్కడి నుంచి టోయింగ్‌లోనే తీసుకెళ్లండి.