తాళం వేసిన తలుపు దాకా తడి అడుగులు

"యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్‌లో వార్డెన్‌గా చేరమంటున్నారు. రాత్రీ పగలూ అక్కడే ఉండాలట. చేయదగ్గ ఉద్యోగమేనా?" అని అడిగారు.

చేయదగ్గదే. మహబూబ్‌నగర్ దగ్గర ఒక పీజీ అమ్మాయిల హాస్టల్‌లో ఏడేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. గేటు పక్కన రెండు గదుల క్వార్టర్, అందులోనే మా కాపురం. జీతం, సెలవుల లెక్క మీకు ఆఫీసువాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. దసరా సెలవుల్లో హాస్టల్ మూసేటప్పుడు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు.

మిగతా ఏడాదంతా పని ఎక్కువే గానీ తెలిసిన పనే. పొద్దున లేవగానే మోటర్ వేశారా, తాగే నీళ్లు పట్టారా, కూరగాయల తూకం సరిగ్గా ఉందా. మధ్యాహ్నం ఆరేసిన బట్టల మీద కోతులు. రాత్రి అటెండెన్స్. రాత్రి రెండింటికి కడుపునొప్పి అని ఒకరు తలుపు కొడితే 108కి ఫోన్ చేసి వెంట నేనే పోవాలి. వీటికి రెండు నెలల్లో అలవాటు పడతారు.

అలవాటు కానిది మెస్ బిల్లు. మాది డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చంతా తిన్నవాళ్ల మీద పంచి నోటీసు బోర్డు మీద పెడతాం. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, బిల్లు మాత్రం నెల తప్పదు. తీరా పరీక్షలప్పుడు బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తెమ్మంటారు. చదువుకునే పిల్లను ఆ టైములో అప్పు కోసం తిప్పడం చాలా అన్యాయం. బోర్డు దగ్గర తన పేరు పక్కన అంకె చూసి మెల్లగా వెనక్కి జరిగిపోయే పిల్లలను ప్రతి నెలా చూస్తాను.

ఇంకో మాట. 2009లో యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ నిబంధనల్లో వార్డెన్ అన్ని వేళలా అందుబాటులో ఉండాలనీ, సంస్థే ఆమెకు మొబైల్ ఇచ్చి ఆ నంబరు పిల్లలకు తెలియజేయాలనీ రాసి ఉంది. నాకు ఏ ఫోనూ ఇవ్వలేదు. నా సొంత నంబరే గోడ మీద ఉంది. అయినా ఉండాల్సిందే. దాని కింద ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416 కూడా నేనే రాయించాను. మీరు చేరిన మొదటి రోజే ఈ పని చేయండి.

ఇక దసరా సంగతి. మా దగ్గర సగం మంది పిల్లలు నారాయణపేట, మక్తల్, కోస్గి, గద్వాల వైపు వాళ్లు. 2016లో మా పాలమూరును, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాను, నాలుగు జిల్లాలు చేశారు, 2019లో నారాయణపేటతో ఐదయ్యాయి. పూణె, బొంబాయి కూలికి పోయేవాళ్లు మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు. కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలిద్దరూ పోతారు, ఇంటికి తాళం పడుతుంది. ముసలివాళ్లుంటే ఊళ్లో దీపం వెలుగుతుంది, లేకపోతే అదీ లేదు.

2022 దసరాకు, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలకు ముందు రోజు సాయంత్రానికి హాస్టల్ ఖాళీ అయింది. మెస్ మూశాం, వంటవాళ్లు ఊళ్లకు పోయారు. అందరూ అవుటింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టారా లేదా చూశాను, ఒక్కో గది తాళం చేత్తో లాగి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

మూడో రోజు సాయంత్రం వాచ్‌మన్ వచ్చి, పై అంతస్తులో నల్లా చప్పుడైతుంది మేడం అన్నాడు. ఎవరో విప్పి మరిచిపోయి ఉంటారని నేనే ఎక్కాను. నల్లా కట్టేసే ఉంది. కానీ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర తడి ఉంది. వరండా పొడుగునా చిన్న చిన్న తడి అడుగులు, నాలుగు గదులు దాటి ఐదో గది ముందు ఆగిపోయాయి. ఆ తలుపుకు బయట తాళం వేసే ఉంది.

నా గుండె ఆగినంత పనైంది. కొంచెంసేపు అక్కడే నిలబడి, "ఎవరమ్మా లోపల? నేనే బిడ్డా, భయపడకు, తలుపు తియ్" అన్నాను. సప్పుడు లేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు తలుపు పక్క కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, మణికట్టుకు రెండు ఎర్ర మట్టిగాజులు, వేళ్లలో తాళంచెవి. ఆ చెయ్యి వణుకుతూ తాళం కోసం తడుముతోంది. నేనే ఆ చెవి తీసుకుని తాళం తీశాను.

ఎంఏ మొదటి ఏడాది పిల్ల. వెలుగు బయటికి రాకుండా వెనక కిటికీకి దుప్పటి కట్టుకుంది. మంచం మీద నోట్సు, స్టీలు గిన్నెలో నానిన అటుకులు, పక్కన పొట్లంలో ఇంత చక్కెర. పోయేటప్పుడు రూమ్మేటే బయట తాళం వేసి చెవి లోపలికి ఇచ్చిందట.

"ఇంటికెందుకు పోలేదు బిడ్డా?" అంటే చానాసేపు నేల చూసింది. "ఇంటికి తాళం ఉన్నది మేడం. అమ్మా నాయన పూణెల ఉన్నరు. మొన్నటిదాక మా అవ్వ ఉండె, ఎండాకాలంల చచ్చిపోయింది. పూణె పోదామంటే ఆడ రేకుల షెడ్డుల పది మంది ఉంటరు."

మరి నాకు ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే పొమ్మంటరని" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎందుకంటే, నాకు ముందే చెప్పి ఉంటే నేను కూడా రూల్ ప్రకారం పొమ్మనే ఉండేదాన్ని.

ఆ రోజు మూడో బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ. నైవేద్యానికి చేసిన ముద్దపప్పు, పాలు, బెల్లం ఇంట్లో ఉన్నాయి. పిల్లను కిందికి తీసుకొచ్చి అన్నంలో పప్పు, నెయ్యి వేసి పెట్టాను. మొదటి ముద్దకే కళ్ల వెంట నీళ్లొచ్చాయి గానీ తినడం ఆపలేదు. నాలుగుసార్లు అన్నం పెట్టించుకుంది. మూడు రోజులు అటుకులతో ఉన్న కడుపు అది.

తర్వాత పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. సెలవుల్లో ఎవరినీ ఉంచొద్దు, రేపు ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది, పంపించేయండి అన్నారు. ఎక్కడికి పంపాలండీ అని అడిగితే జవాబు లేదు. నా క్వార్టర్‌కు వచ్చే చుట్టాల గురించి ఎవరినీ అడగాల్సిన పని లేదు కాబట్టి, మా చుట్టమే అని చెప్పి సెలవులు అయ్యేదాకా నా దగ్గరే పెట్టుకున్నాను. రూల్ తప్పానంటే తప్పాను. అదే పని మళ్లీ చేస్తాను. పొద్దున్నే వాచ్‌మన్ భార్యతో పోయి గట్ల మీద గునుగు, తంగేడు కోసుకొచ్చేది. చివరి రోజు, సద్దుల బతుకమ్మకు, మా ముగ్గురి బతుకమ్మే ఆ వాడలో పెద్దది. పూలు పేర్చడం వాళ్ల అవ్వ నేర్పిందట, వరస తప్పకుండా ఎంత గట్టిగా పేర్చిందంటే చెరువు దాకా నెత్తి మీద మోసినా ఒక్క పువ్వు జారలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి సెలవులకు పది రోజుల ముందు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడుగుతున్నాను. ఊరికి పోతున్నావా అని అడిగితే అందరూ ఊ అంటారు. "ఇంటి దగ్గర ఎవరున్నరు, ఎవరు వండి పెడతరు?" అని అడగాలి. మొదటి ఏడాదే నలుగురు బయటపడ్డారు. ఇద్దరిళ్లకు తాళం. ఒకరికి తల్లి లేదు, తండ్రి తాగి కొడతాడు. ఇంకో పిల్ల ఇంటికి పోతే పెళ్లి చేసేస్తారని భయపడుతోంది. మా ఒక్క హాస్టల్‌లోనే నలుగురుంటే, పాలమూరులోనైనా నల్లగొండలోనైనా ఇట్లాంటి పిల్లలు లేని హాస్టల్ ఒక్కటీ ఉండదని కచ్చితంగా చెబుతాను. లేరని ఏ వార్డెన్ అయినా అంటే ఆమె అడగలేదన్నమాట.

అందరికీ మెస్ నడపమని నేను అనడం లేదు. ఒక వంటమనిషి, ఒక వాచ్‌మన్, తెరిచి ఉన్న నాలుగు గదులు చాలు. మూడేళ్లు కాగితాలు పెడుతూనే ఉన్నాను, పోయిన ఏడాది నోటిమాటగా సరే అన్నారు.

మీ ప్రశ్నకు వస్తే, చేరేముందు క్వార్టర్‌కు విడిగా బాత్‌రూమ్ ఉందా, మీరు ఊరికి పోతే మీ బదులు ఎవరుంటారు, సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంచుతారా అని అడగండి. మొదటి రెండింటికీ కాగితం మీద జవాబు తీసుకోండి. మూడోదానికి జవాబు రాకపోయినా చేరండి.

ఈ ఏడాది మా దగ్గర ఆరుగురు ఉంటామన్నారు. మెస్ స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి 25 కిలోల బియ్యం, ఐదు కిలోల కందిపప్పు, రెండు కిలోల బెల్లం ఇప్పటికే నా క్వార్టర్‌లోకి దింపించుకున్నాను.