పచ్చకళ్ల తూనీగకు ఊటనీరే ఎందుకు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలోని ఇల్లినాయ్‌లో డెస్ ప్లెయిన్స్ నదికి దగ్గర్లో ఉంటాం. పెరట్లో కుంట తవ్వించి చుట్టూ తుంగ నాటితే హైన్స్ ఎమరాల్డ్ తూనీగ వస్తుందా?

జవాబు: రాదు. కుంటకు వేరే తూనీగలు బోలెడు వస్తాయి గానీ దీని సంగతి వేరు. డోలమైట్, సున్నపురాయి పొరల మీద పేరుకున్న నల్లటి బురదలో, నేలలోంచి ఊరి సన్నగా పారే నీటిలో దీని పిల్లలు పెరుగుతాయి. లోతు చాలాచోట్ల నాలుగు వేళ్లే. కుంటలో నీరు నిలవ ఉండి ఎండకు కాగుతుంది, చేపలు చేరితే పిల్లల్ని మిగల్చవు.

పిల్లదశ 4 నుంచి 5 ఏళ్లు. రెక్కలొచ్చాక బతికేది కొద్ది వారాలు. కాబట్టి అన్నేళ్లపాటు ఊట ఆగకుండా ఉండాలి. మొదట దొరికిన ఒహాయోలో ఈ జాతి కనుమరుగైంది. ఇల్లినాయ్, విస్కాన్సిన్, మిషిగన్, మిస్సోరీ, కెనడాలోని ఒంటారియోలో అక్కడక్కడ మిగిలింది. అమెరికా ప్రభుత్వం 1995లో దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

కుంటకు పెట్టే ఖర్చు ఇంకుడు గుంతకు పెట్టండి. ఊటలో వచ్చే నీటిలో చాలాభాగం పైన మిట్టల మీద, ఇళ్ల చుట్టూ ఇంకిందే. పైకప్పు నీటిని నేలలోకి మళ్లించండి, ఇంటిముందు జాగా అంతా సిమెంటు చేయకండి. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు, పచ్చికకు వేసే ఎరువు తగ్గించండి. కింద ఉన్నది పగుళ్ల రాయి, వడపోత తక్కువ. పైన చల్లింది ఎప్పటికో ఊటలో తేలుతుంది.

ప్రశ్న: ఈ పిల్లలు క్రేఫిష్ (పెద్ద రొయ్యలా ఉండే మంచినీటి జీవి) బొరియల్లో దాక్కుంటాయని చదివాను. క్రేఫిష్ వాటిని తినదా?

జవాబు: దొరికితే తింటుంది. అయినా ఆ బొరియ లేకుంటే పిల్లకు దిక్కులేదు. నడివేసవిలో పైనీరు ఎండిపోయినప్పుడు, డెవిల్ క్రేఫిష్ నీటిమట్టం దాకా తవ్విన బొరియలోనే తడి మిగులుతుంది. చలికాలం గడిచేదీ అందులోనే. పిల్ల ఒళ్లంతా వెంట్రుకలు, వాటికి అంటిన బురద. తెల్లటి పళ్లెంలో పెట్టినా కదిలేదాకా మట్టిపెళ్లే అనుకుంటాం. పరిశోధకులు చేతిపంపు గొట్టాన్ని బొరియలోకి దించి, నీటిని లాగి, జల్లెడ పట్టి చూస్తారు. ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు.

మీరు చూడాల్సింది బొరియ నోరు. దాని చుట్టూ పేర్చిన మట్టి ఉండలు తడిగా ఉంటే లోపల క్రేఫిష్ ఉన్నట్టే. పచ్చిక పాడవుతోందని బొరియల్లో మందు పోస్తే రెండు జీవులూ ఒకేసారి పోతాయి.

ప్రశ్న: విస్కాన్సిన్‌లోని డోర్ కౌంటీలో మా బృందం చూసుకునే తుంగ మైదానంలో ఒక పక్క జమ్ము కమ్మేస్తోంది, ఇంకో పక్క నేల ఎండిపోతోంది. ముందు ఏం చేయాలి?

జవాబు: ముందు నీటి సంగతి తేల్చండి. నీటిమట్టం మారినా, పైనుంచి ఎరువుతోనో ఉప్పుతోనో నీళ్లు దిగినా జమ్ము విజృంభిస్తుంది. కారణం వదిలేసి కోస్తే మళ్లీ అంతే మొలుస్తుంది.

ఎండే పక్కన చక్రాల గాళ్లు వెతకండి. మెత్తటి నేలలో బండి వెళ్లిన గాడి, పరచుకుని పారే నీటిని ఒక్క దారిలోకి లాగేస్తుంది. దిగువన మిగతాదంతా ఎండుతుంది. పాత కాలువ, బాట కింద పూడిపోయిన తూము చేసేదీ అదే. గాడిని అక్కడి మట్టితోనే, మధ్యమధ్య అడ్డకట్టలుగా పూడ్చాలి. అయితే గాడి నీటిలోనే పిల్లలు ఉండొచ్చు కనుక, అనుమతి ఉన్న నిపుణుడు చూశాకే చెయ్యి వేయండి.

తర్వాత, అడుగున రంధ్రాలున్న సన్నటి గొట్టాలు రెండు పక్కపక్కనే పాతండి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి మట్టం కొలవండి. లోతు గొట్టంలో మట్టం ఎక్కువగా ఉంటే నీరు పైకి ఊరుతున్నట్టు, తక్కువగా ఉంటే కిందికి ఇంకుతున్నట్టు. లోతు గొట్టం మట్టం ఏటేటా తగ్గుతుంటే తప్పు మీ మైదానంలో వెతికి లాభం లేదు. చుట్టుపక్కల కొత్త బోర్లు, నీరు తోడే రాతి క్వారీలు ఏమైనా వచ్చాయేమో చూడండి. ఎక్కువమంది ఈ కొలతలే తీయరు, కత్తి పట్టుకుని జమ్ము మీద పడతారు.

ఇక జమ్ము. నీటి కిందికి కోస్తే దుబ్బుకు గాలి అందక కుళ్లుతుందన్న సలహా లోతునీటికి సరిపోతుంది. ఇక్కడ మొదలు మునగనే మునగదు. నీటిలో వాడటానికి అనుమతించిన కలుపుమందును గుడ్డతో ఒక్కో ఆకుకు రాయడమే దారి, పిచికారీ వద్దు. దుబ్బులు పెరికితే బొరియలు కూలతాయి. నీరు నిలపాలని కట్ట వేయడం ఇంకా చేటు: పారకం ఆగిపోతుంది, లోతు పెరిగి చేపలు చేరతాయి.

తగలబెట్టాల్సి వస్తే తూనీగలు ఎగిరే జూన్ నుంచి ఆగస్టు దాకా ముట్టుకోకండి; నేల తడిగా ఉన్నప్పుడు, ఏడాదికి కొంత భాగమే కాల్చండి. అంచున పొదలు, చెట్లు కనీసం 100 మీటర్ల మేర ఉంచండి. ఆడ తూనీగలు గుడ్లు పెట్టడానికే బురదకు దిగుతాయి, మిగతా సమయం ఎక్కువగా పొడి పచ్చికల్లో గడుపుతాయి. తడి నేల ఒక్కటే కాపాడితే మగవాటి మేరకే కాపాడినట్టు.

ప్రశ్న: ఆకుపచ్చ తూనీగ ఫొటో తీశాను. ఇదేనా?

జవాబు: ఛాతీ అంతా పచ్చగా, తోక నీలంగా ఉంటే అది గ్రీన్ డార్నర్, ఎక్కడైనా కనిపిస్తుంది. హైన్స్ తూనీగకు కళ్లే మరకత పచ్చ. ఛాతీ ముదురు రంగు, పక్కన రెండు లేత పసుపు చారలు, పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు. దగ్గరి జాతులతో తేడా తెలిసేది మగదాని తోక చివరి కొంకులతో. కాబట్టి పక్కనుంచి, తోక చివర స్పష్టంగా పడేలా ఇంకో ఫొటో తీయండి. పట్టుకోకండి, చట్టం ఒప్పదు. తేదీ, చోటు రాసి రాష్ట్ర సహజ వనరుల శాఖకు పంపండి.