గడ్డం గీసుకున్నాక పటిక రాస్తే సరిపోతుందా?

షేవింగ్ అయ్యాక ముఖం మండుతోంది, పటిక ఒక్కటే రాస్తే చాలా అని అడిగారు. పటిక మంచిదే కానీ అదొక్కటే చాలదు.

బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కాస్త గీకేస్తుంది. మంట అందుకే. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. తడి ముఖం మీద రుద్దితే చర్మాన్ని బిగిస్తుంది, రక్తంలోని ప్రొటీన్లను గడ్డకట్టించి చిన్న గాట్ల దగ్గర నెత్తురు ఆపుతుంది. అయితే చర్మాన్ని పొడిబారుస్తుంది కూడా. అందుకని నిమిషం లోపే చన్నీళ్లతో కడిగేయండి. టవల్‌తో రుద్దకుండా మెల్లగా అద్ది, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ చురుక్కుమంటే అది బాగా పనిచేస్తోందని కాదు. పొడి చర్మం వాళ్లు మానేయడమే మేలు.

ఇంకో మాట. సెలూన్‌లో అందరికీ రాసే పటిక గడ్డ దయచేసి వద్దనండి, గాట్ల రక్తం దానికి అంటుకుంటుంది. సొంతది కొనుక్కోండి.

మెడ మీద పొక్కులు వస్తుంటే వెంట్రుక లోపలికి తిరిగి పెరుగుతుండవచ్చు. తగ్గేదాకా షేవింగ్ ఆపండి, చీము పడితే చర్మ వైద్యులకు చూపించండి.