ప్రశ్నావళి కంటే పరిశీలన సులువని ఎవరు చెప్పారు?

"సైకాలజీ పీజీ ప్రాజెక్టుకు పరిశీలన పద్ధతి తీసుకుంటే ప్రశ్నావళి తయారు చేసే బాధ తప్పుతుంది కదా, ఊరికే కూర్చుని చూసి రాసుకుంటే సరిపోతుందా?" అని మీరు అడిగారు. సరిపోదు. ఆ ఊరికే కూర్చుని చూడడం దగ్గరే నేను బోల్తా పడ్డాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది నల్లగొండ జిల్లా. దూరవిద్యలో ఎంఏ చదువుతున్నప్పుడు, దేవరకొండ వైపు ఒక తండాలో అంగన్‌వాడీకి వచ్చే మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఎలా ఆడుకుంటారన్నది నా ప్రాజెక్టు. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. పిల్లల ఆట మీద మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో ప్రచురించిన వర్గీకరణను పట్టికగా గీసుకున్నాను: ఏమీ చేయకుండా ఉండడం, ఒంటరిగా ఆడడం, ఇతరుల ఆటను చూస్తూ ఉండడం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడడం, కలగలిసి ఆడడం, జట్టుగా ఆడడం. ఈ ఆరు గడులకు నా సొంత తెలివితో "గొడవ" అనే ఏడో గడి చేర్చాను. ఒక్కొక్క బిడ్డను పది నిమిషాలు చూస్తూ, పదిహేను సెకన్లకు ఒకసారి ఏదో ఒక గడిలో గీత పెట్టాలి.

మొదటి రోజు నన్ను చూడగానే టీచరమ్మ రిజిస్టర్లన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. గుడ్లు లెక్క చూడడానికి వచ్చిన అధికారిని అనుకున్నదట. పిల్లలందరినీ గోడ వెంట వరుసగా కూర్చోబెట్టి చేతులు కట్టుకోమన్నది. ఇక ఆట ఎక్కడిది? నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు మాత్రం విరిగిన పలక ముక్కను ఒళ్లో పెట్టుకుని, నేను తల ఎత్తినప్పుడల్లా తానూ ఎత్తుతూ, నేను దించి రాసినప్పుడల్లా తానూ పుల్లతో గీస్తూ రెండు రోజులు గడిపాడు. వాడి పేరు పక్కన ఏ గడిలో గీత పెట్టాలో నాకు తోచలేదు.

చూస్తున్నారని తెలిస్తే మనుషుల నడవడి మారుతుందని చెప్పడానికి ప్రతి పుస్తకమూ హాథార్న్ కథను ముందుకు తెస్తుంది. షికాగో దగ్గరి హాథార్న్ అనే కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు ప్రయోగాలు జరిగిన మాట నిజమే. అయితే వెలుతురు పెంచినా తగ్గించినా పని పెరిగిందన్న ఆ దీపాల కథ, పాత లెక్కలను ఆర్థికవేత్తలు 2011లో మళ్లీ తిరగేసి చూస్తే, చెప్పుకున్నంత బలంగా నిలబడలేదు. ఈ సంగతి మన నోట్సుల్లోకి ఇంకా రాలేదు. మన వాళ్లు మూడు మార్కుల జవాబుకు ఆ కథనే బట్టీ పడుతున్నారు. నాకైతే హాథార్న్ అక్కరలేదు, పలక ముక్క పిల్లవాడు చాలు. ఆ రెండు రోజుల తర్వాత ఐదు రోజులు కాగితం బయటికి తీయకుండా, మూలన కూర్చుని, పిల్లలకు చెప్పుల జతలు వెతికిపెడుతూ గడిపాక గాని నేను వాళ్లకు పాతబడలేదు.

అసలు దెబ్బ ఆ మరుసటి రోజున తగిలింది. మధ్యాహ్నం తిండి అయ్యాక నలుగురు పిల్లలు చింతగింజలు కుప్పగా పోసుకుని కూర్చున్నారు. కాసేపటికి అరుపులు మొదలయ్యాయి. ఒకడు రెండోవాడి చెయ్యి పట్టుకుని గుంజాడు, వాడు విదిలించుకున్నాడు. మూడోవాడు మధ్యలో దూరి ఇద్దరి చేతులనూ బలవంతంగా కలపబోయాడు. ఒకడు గింజలు తీసుకుని లేచి నాలుగడుగులు పోయాడు, వెనక్కి పిలిస్తే మళ్లీ వచ్చాడు. వాళ్లు మాట్లాడేది లంబాడీ, నాకు రాదు. గొంతులు పెద్దవయ్యాయి, చేతులు గుంజుకుంటున్నారు, కనుక "గొడవ" గడిలో వరుసగా గీతలు పెట్టుకుంటూ పోయాను.

నాతో చదివిన మిత్రురాలు ఒకామె పక్క మండలంలోని తండా ఆడబిడ్డ. ఆ రోజు నా పక్కనే కూర్చుని, నా కాగితం చూడకుండా, అదే పిల్లవాడిని అదే పది నిమిషాలు గుర్తించింది. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే 40 గీతల్లో 24 మాత్రమే కలిశాయి. నేను గొడవ అని గుర్తించిన 13 చోట్ల ఆమె "జట్టుగా ఆడడం" అని గుర్తించింది. ఇద్దరమూ వాదించుకుంటుంటే, గిన్నెలు కడుగుతున్న ఆయమ్మ నవ్వి, "కొట్లాట గాదు సారూ, అంగడి ఆట ఆడుతుండ్రు. గింజలు మేకలు. నడుమల ఉన్నోడు దళారి" అన్నది.

అప్పుడు గుర్తుకొచ్చింది: మేకల అంగడిలో బేరం కుదరాలంటే దళారి చేసేది అదే కదా. అమ్మేవాడి చెయ్యి గుంజి కొనేవాడి చేతిలో పెడతాడు. అమ్మేవాడు విదిలించుకుని లేచి పోతాడు, పిలిస్తే వస్తాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో. చూసి కూడా, చేతిలో పట్టిక ఉన్నందువల్ల, గుర్తుపట్టలేకపోయాను. తల్లీబిడ్డల అనుబంధాన్ని పరిశోధించిన సైకాలజిస్టు మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండాలో 26 కుటుంబాల ఇళ్లకు నెలల తరబడి వెళ్లి తల్లులనూ పసిపిల్లలనూ పరిశీలించినప్పుడు దుబాసీని వెంట పెట్టుకున్నది. నేను ఉన్న ఊరి నుంచి గంట ప్రయాణం లేని తండాకు దుబాసీ ఎందుకనుకున్నాను.

ఇద్దరు పరిశీలకుల గుర్తులు ఎంతవరకు కలిశాయో చెప్పడానికి శాతం ఒక్కటే చాలదు. గుడ్డిగా గీసినా కొన్ని కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక భాగాన్ని తీసివేసే లెక్కను జాకబ్ కోహెన్ అనే సైకాలజిస్టు 1960లో ఇచ్చాడు, దానినే కప్పా అంటారు. అన్నీ కలిస్తే కప్పా 1 వస్తుంది, మాది 0.4 దగ్గర ఆగింది. ఆ రాత్రి ఇద్దరమూ కూర్చుని "గొడవ" అంటే ఏమిటో మళ్లీ రాసుకున్నాము: ఒకరు ఏడవాలి, లేదా ఆట విడిచి తిరిగి రాకుండా పోవాలి, లేదా పెద్దవాళ్లకు చెప్పుకోవాలి. గొంతు పెరగడాన్నీ చెయ్యి గుంజడాన్నీ కొట్టివేశాము. మరుసటి రోజు 40లో 34 కలిశాయి. అంతకుముందు ఒంటరిగా పెట్టిన గీతలన్నీ పక్కన పడేశాను. రెండో మనిషి లేకుండా చేసిన పరిశీలనకు అరుగు మీది ముచ్చటకన్నా ఎక్కువ విలువ లేదన్నది నా అభిప్రాయం. దీన్ని ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ప్రశ్నావళి మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని, రెండు రంగుల పెన్నులతో, వంద మంది పేరిట "అంగీకరిస్తాను" గడులు నింపడం నేను కళ్లారా చూశాను. ఆ ప్రాజెక్టులకు మంచి మార్కులే వచ్చాయి. నా వైవాలో మాత్రం బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పట్టిక తెరవకుండానే, "శాంపిల్ ఆరుగురేనా?" అని పెదవి విరిచారు.

మిమ్మల్ని కూడా అలాగే అడిగితే, అప్పుడు నాకు తోచని జవాబు ఇది: రోజుకు ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి పది నిమిషాలు, పదిహేను సెకన్లకు ఒక గీత, పన్నెండు రోజులు. మొత్తం 2,880 గీతలు.