అమ్మలూ, బయల్దేరే ముందు బండిని కాటా వేయించు

అమ్మలూ,

మోటర్‌హోమ్, అదే ఇల్లులా ఉండే బండి, కొన్నావట, పిల్లల్ని తీసుకుని నెల రోజులు తిరిగొస్తానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషమేసింది, గర్వంగానూ ఉంది. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నా ధ్యాసంతా నీ బండి వెనక టైర్ల మీదే ఉంది.

డ్రైవింగ్ నీకు నేను నేర్పక్కర్లేదు. గ్యాస్ కట్టేయడం, అలమరాలకు గడి పెట్టడం నీకు తెలుసు. బరువు సంగతి మాత్రం విను.

బండికి ఒక ప్లేటు ఉంటుంది. మొత్తం బరువు ఎంత దాటకూడదో, ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు మీద ఎంతో, వెనక యాక్సిల్ మీద ఎంతో విడివిడిగా రాసి ఉంటుంది. మొత్తం పరిమితి 3,500 కిలోలు, ఖాళీ బండే 3,000 అనుకో, నీకు మిగిలింది 500. మీ నలుగురూ అందులోనే, 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు అదీ అందులోనే, తర్వాత బిగించుకున్న సోలార్ ప్యానెల్, రెండో బ్యాటరీ కూడా.

ఈ లెక్క మా మొదటి ప్రయాణానికి నేనూ వేశాను. మొత్తం పరిమితిలోపే ఉందని ధీమాగా బయల్దేరాను, యాక్సిళ్ల సంగతి పట్టించుకోలేదు. వెనక పెద్ద అర ఉంది కదా అని టూల్ బాక్స్, కుర్చీలు, నీళ్ల క్యాన్లు అన్నీ అందులోనే కుక్కి, బయట రెండు సైకిళ్లు తగిలించాను. రెండు యాక్సిళ్ల మధ్య నాలుగు మీటర్లుండే బండిలో వెనక యాక్సిల్‌కు రెండు మీటర్ల అవతల 50 కిలోలు పెడితే దాని మీద పడేది 75, ఆ అదనపు 25 ముందు చక్రాల మీంచి లేచిపోయిన బరువు. అందుకే స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది, నేనేమో కొత్త బండి కదా ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నానికి వెనక ఎడమ టైరు పేలింది. సరిగ్గా దాని పైన సీట్లో మీ పెద్దమ్మ కూర్చుని ఉంది. ఊడిన రబ్బరు ముక్క అడుగు పలకను చీల్చి నీళ్ల పైపు తెంపేసింది. ఎలాగో పక్కకు ఆపి వెనక్కి పరిగెత్తితే, కాళ్లు రెండూ సీటు మీదకి ముడుచుకుని, కింద నీళ్లలో తేలుతున్న తన చెప్పునే చూస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. "వెనక ఎంత బరువు పెట్టామండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత కాటా వేయిస్తే మొత్తం సరిగ్గానే ఉంది, వెనక యాక్సిల్ మీద మాత్రం 180 కిలోలు ఎక్కువ. ఆ సీట్లో తను మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

అందుకని సామాను, నీళ్లు, డీజిల్, పిల్లలు, అందరితో కలిపి కాటాకి వెళ్లు. ముందు చక్రాలు ఒకసారి, మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి. బరువైనవి కింద, రెండు యాక్సిళ్ల మధ్య, కుడి ఎడమలు సమంగా ఉండాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ బరువుకు తగ్గ గాలి పట్టించు. టైరు పక్కన నాలుగంకెలు చూడు, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పాతబడితే మార్చెయ్, గాట్లు బాగున్నాయి కదా అని వాదించకు.

పుస్తకాలన్నీ తలపై అరల్లో సర్దుతావని నాకు తెలుసు, చిన్నప్పుడూ అంతే, సంచి నిండా మోసుకొచ్చేదానివి. తీసుకెళ్లొద్దనను తల్లీ, కింద అరలో పెట్టు, పైన దుప్పట్లు పెట్టుకో.

కాటా చీటీలు మూడూ ఫోటో తీసి, ప్లేటు ఫోటోతో పాటు పంపు. మీ పెద్దమ్మ కూడా చూస్తానంటోంది.

మీ పెద్దనాన్న